హయ్ బిన్ యఖ్జాన్: ఒక సత్యాన్వేషి కథలో రెండు ధర్మబోధలు

సత్యాన్ని వెదికే మనిషి దైవం వద్దకు ఎలా చేరుకుంటాడు? అతణ్ణి అక్కడికి చేర్చదలచినవాడు ఏ పద్ధతి అవలంబించాలి? పైకి ఈ రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. నిజానికి మొదటిది అన్వేషకుని ప్రశ్న, రెండవది ప్రబోధకుని ప్రశ్న. సత్యం దొరికినవానికి దాన్ని ఇతరులకు అందించే విధానం కూడా దానంతట అదే తెలిసి వస్తుందని చాలామంది భావిస్తారు. ఈ భావన ఎంత పొరపాటో ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే ఒక కథ రూపంలో చూపిన గ్రంథం ఇస్లామీ సాహిత్యంలో ఉంది. అది అందలూసియాకు చెందిన వైద్యుడు, తత్వవేత్త అబూబకర్ ఇబ్నె తుఫైల్ అరబీలో రచించిన ‘హయ్ బిన్ యఖ్జాన్’.

ఈ గ్రంథాన్ని గురించి మాట్లాడేవారు సాధారణంగా దాని పూర్వభాగాన్నే ప్రస్తావిస్తారు. నిర్జన ద్వీపంలో ఒంటరిగా పెరిగిన బాలుడు బుద్ధిబలంతో సృష్టికర్తను తెలుసుకున్న ఘట్టమది. ఉత్తరభాగం అంతగా చర్చకు రాలేదు. ధర్మప్రచార బాధ్యత గుర్తించినవారు శ్రద్ధగా చదవవలసింది ఆ ఉత్తరభాగాన్నే.

గ్రంథకర్త

ఇబ్నె తుఫైల్ గర్నాతాకు సమీపంలోని వాదీ ఆష్‌లో 12వ శతాబ్ది తొలి దశకాలలో జన్మించారు. మువహ్హిదూన్ ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్ ఆస్థానంలో వైద్యులుగా పనిచేశారు. ఇబ్నె రుష్ద్‌ను ఖలీఫాకు పరిచయం చేసింది ఆయనే. 1182లో ఆయన వైద్యపదవి నుండి తప్పుకోగా ఆ స్థానం ఇబ్నె రుష్ద్‌కు లభించింది. హిజ్రీ 581లో (క్రీ.శ. 1185) మరాకష్‌లో ఇబ్నె తుఫైల్ పరమపదించారు.

‘హయ్’ అంటే సజీవుడు. ‘యఖ్జాన్’ అంటే మేల్కొని ఉన్నవాడు. ఈ పేరునూ, కథలో వచ్చే అబ్సాల్, సలామాన్ అనే పేర్లనూ ఆయన ఇబ్నె సీనా నుండి తీసుకున్నారు. పేర్లు అరువు తెచ్చుకున్నవే అయినా కథ మాత్రం ఆయన సొంతం. జ్ఞానరహస్యాలు తెలుపమని కోరిన ఒక మిత్రునికి సమాధానంగా దీన్ని వ్రాస్తున్నట్లు పీఠికలో చెప్పుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోవటం అవసరం. గ్రంథం ముగింపును అర్థం చేసుకోవటానికి ఇది తోడ్పడుతుంది.

ఒంటరివాని అన్వేషణ

భూమధ్యరేఖ దిగువన, హింద్ ద్వీపాలలో ఒకటైన ఒక ద్వీపంలో కథ ప్రారంభమవుతుంది. హయ్ పుట్టుకను గురించి రచయిత రెండు కథనాలు చెబుతారు. మట్టి పులిసి తల్లిదండ్రులు లేకుండానే అతడు రూపొందాడన్నది ఒకటి. ప్రక్క ద్వీపపు రాజు సోదరి రహస్యంగా వివాహమాడి, కన్నబిడ్డను భయంతో పెట్టెలో ఉంచి సముద్రంలో విడిచిందన్నది రెండవది. ఈ రెండవ కథనం చదివే ముస్లిముకు హజ్రత్ మూసా (అ.స) మాతృమూర్తి గుర్తుకు రాక మానదు.

బిడ్డకు పాలిచ్చి పెంచింది ఒక జింక. అది ముసలిదై మరణించినపుడు, ఏ అవయవం చెడిపోయిందో తెలుసుకుని బాగుచేయాలన్న ఆశతో హయ్ దాని రొమ్ము చీల్చి చూశాడు. గుండెలో ఒక గది ఖాళీగా ఉంది. తనను ప్రేమించినది ఈ కళేబరం కాదనీ, ఇందులో నివసించి వెళ్ళిపోయిన మరేదో ఉందనీ అతడు గ్రహించాడు. ఒక కాకి మరో కాకిని మట్టిలో పూడ్చటం చూసి తల్లి జింకను అలాగే పూడ్చాడు. ఆదం (అ.స) కుమారుల వృత్తాంతం ఇక్కడ తొంగిచూస్తుంది.

అక్కడి నుండి రచయిత ఏడేండ్ల లెక్కన అతని జీవితాన్ని విభజిస్తారు. ఇరవై ఒకటవ ఏట నాటికి ప్రాణుల దేహాలను గురించిన జ్ఞానం అలవడింది. ఇరవై ఎనిమిది నాటికి, కలిగినవాటన్నిటికీ కలిగించినవాడు ఒకడుండాలన్న నిశ్చయం ఏర్పడింది. ముప్పై ఐదు నాటికి మనసంతా ఆ కర్త మీదనే లగ్నమైంది. లోకం అనాదిగా ఉన్నదా, ఒకనాడు సృష్టించబడినదా అన్న ప్రశ్న వద్ద అతడు చిరకాలం తటపటాయించాడు. తేల్చుకోలేకపోయాడు. ఏది నిజమైనా, దీనికి కర్త అవసరమన్న నిర్ణయం మాత్రం మారదని తెలుసుకుని ముందుకు సాగాడు.

నక్షత్రాన్నీ, చంద్రుణ్ణీ, సూర్యుణ్ణీ చూసి, అస్తమించేవాటిని ప్రేమించలేనని పలికిన హజ్రత్ ఇబ్రాహీం (అ.స) వృత్తాంతం సూరా అన్ఆమ్‌లో ఉంది. హయ్ ఆలోచనా సరళి దానికి దగ్గరగానే నడుస్తుంది. కాని ఒక్క భేదం ఉంది. ఖుర్ఆన్‌లో ఆ వృత్తాంతం వెనువెంటనే జాతి జనులతో సంవాదంగా మారుతుంది. హయ్‌కు జాతి లేదు, జనులు లేరు. యాభయ్యో ఏడు వచ్చేదాకా అతనికి మాట సైతం రాదు.

బుద్ధి ఒక్కదానితో దైవాన్ని ఎంతవరకు తెలుసుకోవచ్చు? ఇది ధర్మశాస్త్ర వేత్తల మధ్య పాత చర్చే. సందేశం అందనివానిపై బాధ్యత లేదని అష్అరీలు, సృష్టికర్త ఉన్నాడని గుర్తించే బాధ్యత బుద్ధిగలవానిపై ఉన్నదని మాతురీదీలలో పలువురు చెప్పారు. ఇబ్నె తుఫైల్ ఈ వాదంలోకి నేరుగా దిగలేదు. అయితే ఆయన హయ్‌ను చిత్రించిన తీరులోనే ఒక సమాధానం ఉంది. హయ్ కర్తను తెలుసుకున్నాడు. ఆయనను ఎలా ఆరాధించాలో మాత్రం తెలియలేదు. తిరిగే నక్షత్రాలను చూసి తానూ గుండ్రంగా తిరిగేవాడు. ఎండిపోయే మొక్కకు నీళ్ళు పోసేవాడు, ముల్లు గుచ్చుకున్న జంతువు బాధ తీర్చేవాడు. ఇవన్నీ మంచి పనులే. కాని నమాజ్ అనేది ఒకటుందని అతనికి మరొకరు వచ్చి చెప్పవలసి వచ్చింది.

అబ్సాల్ చేసిన బోధ

ప్రక్క ద్వీపంలో ఒక దైవప్రవక్త తెచ్చిన సత్యధర్మం నెలకొని ఉంది. అక్కడి మిత్రులిద్దరిలో సలామాన్ సంఘజీవితాన్నీ, ధర్మపు బాహ్యరూపాన్నీ గట్టిగా పట్టుకున్నవాడు. అబ్సాల్ ఏకాంతాన్నీ, అంతరార్థాన్నీ కోరినవాడు. అబ్సాల్ తన ధనంలో కొంత పెట్టి ఓడ కుదుర్చుకుని, మిగిలినది పేదలకు పంచి, నిర్జన ద్వీపమని తలచి హయ్ ఉన్న చోటికి వచ్చాడు.

వారిద్దరి తొలి కలయిక ఈ గ్రంథంలోని అత్యుత్తమ ఘట్టం. హయ్ మరో మనిషిని ఎన్నడూ చూసి ఉండలేదు. అబ్సాల్ ఒంటి మీది నల్లని అంగీని అతని చర్మమే అనుకున్నాడు. అబ్సాల్ భయపడి పారిపోయాడు. హయ్ దాగి ఉండి గమనించాడు. అబ్సాల్ ఖిరాఅత్, దుఆ, సజ్దా, కన్నీళ్ళు అతణ్ణి దగ్గరకు లాగాయి. ఇక్కడ పాఠకుడు ఆగి గమనించవలసిన విషయం ఒకటుంది. బయటివానిని తొలుత ఆకర్షించినది వాదం కాదు. అతని కోసం చేయని, అతడు చూస్తున్నాడని తెలియని ఒక ఆరాధన అది.

హయ్ పరుగెత్తి అతణ్ణి పట్టుకున్నాడు. ప్రాణభయంతో వణుకుతుంటే తల నిమిరి ఊరడించాడు. అబ్సాల్ తనకు వచ్చిన భాషలన్నిటిలో పలుకరించాడు. ఒక్కటీ పని చేయలేదు. అప్పుడు తన దగ్గర ఉన్న ఆహారం తీసి ముందుంచాడు. హయ్‌కు అలాంటి తిండి తెలియదు, తన నియమానికి భంగమేమోనన్న సంకోచమూ ఉంది. అయినా ఎదుటివాని మనసు నొప్పించకూడదని తిన్నాడు. ఆ తరువాత అబ్సాల్ అతనికి మాటలు నేర్పాడు. ఒక వస్తువును చూపి దాని పేరు చెప్పటం, మళ్ళీ చెప్పించటం, ఇలా ఒక్కొక్కటిగా పేర్లు నేర్పుతూ పోయాడు. ఇతనికి విద్యనూ ధర్మాన్నీ నేర్పితే దైవం వద్ద ప్రతిఫలం ఉంటుందన్న ఆశ అతనిది.

మాటలు వచ్చిన తరువాత అబ్సాల్ చేసిన మొదటి పని బోధ కాదు, ప్రశ్న. నీవెవరవు, ఎలా బ్రతికావు అని అడిగాడు. హయ్ చెప్పుకుపోగా విన్నాడు. వింటూండగా, తాను గ్రంథంలో చదివినవాటి లోతు తనకే తేటపడింది. నేర్పవచ్చినవాడు నేర్చుకున్నాడు. అటుపిమ్మట హయ్ అడిగితే అబ్సాల్ తన జాతికి అందిన ధర్మాన్ని వివరించాడు. దైవాన్ని గురించి, దూతలను గురించి, స్వర్గ నరకాలను గురించి విన్న హయ్ తాను కనుగొన్న సత్యానికి అది విరుద్ధం కాదని గుర్తించాడు. ఆ సందేశం తెచ్చిన ప్రవక్తను సత్యవంతునిగా నమ్మి సాక్ష్యం పలికాడు. నమాజ్, జకాత్, ఉపవాసం, హజ్ విధులను స్వీకరించాడు. యాభై ఏండ్ల ఆత్మజ్ఞానం గలవాడు, తనకు ప్రవక్త అవసరం లేదని అనలేదు. గ్రంథం మొత్తంలో హయ్ వ్యక్తిత్వం మిక్కిలి ఉన్నతంగా కనిపించేది ఇక్కడే.

హయ్ చేసిన బోధ

హయ్‌కు రెండు సందేహాలు మిగిలాయి. ప్రవక్త పరలోక విషయాలను తేటగా చెప్పక ఉపమానాలతో ఎందుకు చెప్పారు? సంపాదననూ, ఆస్తినీ ఎందుకు అనుమతించారు? మనుషులందరూ తనవంటి బుద్ధిమంతులేనని అతడు అనుకున్నాడు. వారిపై జాలి కలిగింది. అసలు సత్యం చెప్పి వారిని ఉద్ధరించాలని అబ్సాల్‌ను బ్రతిమాలాడు. దారి తప్పి వచ్చిన ఓడ ఎక్కి ఇద్దరూ ఆ ద్వీపం చేరారు. అప్పటికి సలామాన్ అక్కడి పాలకుడు.

అబ్సాల్ తన మిత్రులలో మేలైనవారిని సమావేశపరచాడు. హయ్ బోధ ప్రారంభించాడు. బాహ్యార్థం నుండి కొంచెం పైకి పోగానే వారు ముడుచుకుపోయారు. పరదేశి అన్న గౌరవంతో, అబ్సాల్ మీది అభిమానంతో మొగం మీద ఏమీ అనలేదు గాని మనసులో విసుగుకున్నారు. అతడు రేయింబవళ్ళు, రహస్యంగానూ బహిరంగంగానూ చెప్పాడు. చెప్పినకొద్దీ వారు మరింత దూరమయ్యారు. వారు మంచిని ప్రేమించేవారే, సత్యాన్ని కోరేవారేనని రచయితే ఒప్పుకుంటారు. అయినా హయ్ నిరాశ చెందాడు. సలామాన్‌కు క్షమాపణ చెప్పి, తన మాటలు వెనక్కు తీసుకుని, పూర్వీకులు నడచిన షరీఅత్ మార్గాన్నే అంటిపెట్టుకుని ఉండమని వారికి హితవు పలికి, అబ్సాల్‌తో ద్వీపానికి మరలిపోయాడు. మరణించేవరకు ఇద్దరూ అక్కడే ఆరాధనలో గడిపారు.

దోషం ఎవరిది?

ఇబ్నె తుఫైల్ తీర్పు స్పష్టంగానే ఉంది. దోషం జనుల స్వభావంలో ఉంది. ఉన్నత సత్యం కొద్దిమందికే. తక్కినవారికి బాహ్యవిధులు చాలు. ఈ తీర్పును అంగీకరించే ముందు ఆయన కథనే సాక్ష్యంగా పిలవటం న్యాయం. ఎందుకంటే ఆయన స్వయంగా చిత్రించిన రెండు బోధలను ప్రక్క ప్రక్కన ఉంచితే తీర్పు మరోలా ఉంటుంది.

మొదటి విషయం వ్యవధి. హయ్ గుండె గది నుండి సృష్టికర్త వరకు ఏడేండ్ల చొప్పున మెట్లెక్కాడు. జనులకు ఆ మెట్లు చూపక శిఖరాన్ని చూపాడు. ఖుర్ఆన్ ఇరవై మూడేండ్లలో అవతరించింది. దైవప్రవక్త (స) ముఆజ్ బిన్ జబల్ (రజి)ను యమన్‌కు పంపుతూ ముందు ఏకదైవత్వం వైపు పిలవమనీ, వారు దాన్ని ఒప్పుకుంటే నమాజ్ గురించీ, అదీ ఒప్పుకుంటే జకాత్ గురించీ చెప్పమనీ ఉపదేశించారు. గ్రంథప్రజల వద్దకు వెళుతున్నావని ముందే గుర్తుచేశారు. వినేవాడెవడో తెలుసుకోవటం, వరుస పాటించటం, ఈ రెండూ ఆ ఒక్క ఉపదేశంలో ఇమిడి ఉన్నాయి.

రెండవది పరిచయం. అబ్సాల్ ముందు అడిగి, విని, ఆ తరువాత చెప్పాడు. హయ్ ఎవరినీ ఏమీ అడిగినట్లు కథలో కనబడదు. అతడు బజారు చూసినవాడు కాదు, అప్పు ఎరిగినవాడు కాదు, బిడ్డల ఆకలి చూసినవాడు కాదు. జకాత్, క్రయవిక్రయాలు, వడ్డీ నిషేధం ఎందుకని అతనికి అర్థం కాకపోవటానికి కారణం అదే. ప్రవక్తలు భోజనం చేసేవారనీ, బజారులలో సంచరించేవారనీ సూరా ఫుర్ఖాన్ గుర్తుచేస్తుంది. అవిశ్వాసులు లోపంగా ఎత్తిచూపిన ఆ విషయమే బోధకునికి ఉండవలసిన అర్హత.

మూడవది ఇవ్వటం, తీసుకోవటం. అబ్సాల్ ఆహారం ఇచ్చాడు, భాష ఇచ్చాడు, చివరికి ధర్మం ఇచ్చాడు. హయ్ వచ్చీరాగానే వారి చేతిలో ఉన్న ఉపమానాలను తీసివేయబోయాడు. ఆ ఉపమానాలు ఆ జనులకు దైవాన్ని చేరే వంతెన. వంతెన ఇంకా దాటని వాని కాళ్ళ క్రింద నుండి దాన్ని లాగితే అతడు భయపడటం బుద్ధిమాంద్యమని అనలేము. పైగా ఉపమానాలు చెప్పటం దైవగ్రంథాలు ఎన్నుకున్న పద్ధతి. దోమను ఉపమానంగా చెప్పటానికైనా అల్లాహ్ సంకోచించడని సూరా బఖరాలో ఉంది.

నాల్గవది భాష. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపినట్లు సూరా ఇబ్రాహీం తెలుపుతుంది. భాష అంటే నిఘంటువు మాత్రమే కాదు. హయ్‌కు మాటలు వచ్చాయి గాని వారి జీవితం నుండి పుట్టిన మాట ఒక్కటీ రాలేదు. తెలుగు నాట ఈ విషయానికి ఒక మేలుకొలుపు ఉంది. ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి వారిలో ముస్లిమేతర పండితులు చిలుకూరి నారాయణరావు గారు ఒకరు. పొరుగువాడు గ్రంథం వెదుక్కుంటూ వచ్చేదాకా దాన్ని అతని భాషలో సిద్ధంగా ఉంచకపోవటం ఎవరి లోపమో ఆలోచించదగినది.

ఐదవదీ ముఖ్యమైనదీ సహనం. హయ్ జాలి నిజమైనది, కాని అది తిరస్కారాన్ని తట్టుకోలేకపోయింది. తాయిఫ్‌లో రాళ్ళదెబ్బలు తిన్న దైవప్రవక్త (స) ఆ జనులను శిక్షింపజేసే అవకాశం ఎదుట నిలిచినపుడు, వారి సంతానంలో అల్లాహ్‌ను ఆరాధించేవారు పుడతారని ఆశపడ్డారు. హయ్ సంతానాన్ని గురించి తలచనైనా లేదు. హజ్రత్ యూనుస్ (అ.స) వృత్తాంతం ఇక్కడ మరింత సూటిగా వర్తిస్తుంది. ఆయన కూడా జాతిని విడిచి ఓడ ఎక్కారు. కాని ఖుర్ఆన్ ఆయనను సముద్రంలో విడిచిపెట్టలేదు. లక్ష, అంతకు మించిన జనుల వద్దకు ఆయన పంపబడ్డారనీ, వారు విశ్వసించారనీ సూరా సాఫ్ఫాత్‌లో ఉంది. ఇబ్నె తుఫైల్ కథలో ఓడ ఎక్కటం ముగింపు. ఖుర్ఆన్‌లో అది మధ్య ఘట్టం.

రచయిత పక్షాన చెప్పదగినది

ఇంత చెప్పిన తరువాత రచయితకు దక్కవలసిన న్యాయం కూడా దక్కాలి. హయ్ తన వైఫల్యానికి జనులను నిందించి పోలేదు. వారి విశ్వాసాన్ని చెడగొట్టకుండా, షరీఅత్‌ను విడువవద్దని చెప్పి వెళ్ళాడు. తనకు తెలిసినదంతా ఎదుటివాని నెత్తిన కుమ్మరించి, అతని చేతిలో ఉన్నదాన్ని కూడా పోగొట్టే పండితుల కంటే అతడు ఎన్నో రెట్లు మేలు. పీఠికలోని మిత్రుణ్ణి గుర్తుచేసుకుంటే, ఈ ముగింపు ఆ మిత్రునికి ఒక హెచ్చరిక అని కూడా తోస్తుంది. లోతైన విషయాలు తెలుసుకోగోరేవాడు వాటిని ఎక్కడ విప్పకూడదో కూడా తెలుసుకోవాలి.

ఇబ్నె రుష్ద్ తన ‘ఫస్లుల్ మఖాల్’లో ఇదే సమస్యను శాస్త్రీయంగా చర్చించారు. కొందరు ప్రమాణబద్ధమైన నిరూపణతో, కొందరు సంవాదంతో, అధిక సంఖ్యాకులు మనసుకు తాకే ఉపదేశంతో సత్యాన్ని అంగీకరిస్తారనీ, సూరా నహ్ల్‌లోని వివేకం, సదుపదేశం, ఉత్తమ సంవాదం ఈ మూడింటినీ సూచిస్తున్నాయనీ ఆయన వివరించారు. ఆయన కూడా అంతరార్థాలను సామాన్యుల ఎదుట విప్పటాన్ని వ్యతిరేకించినవారే. కాని ఆయన విభజనలో ఎవరూ దైవపిలుపుకు వెలుపల మిగలరు. హయ్‌కు ఒక్క మార్గమే తెలుసు. అది పనికిరాకపోయేసరికి మార్గాలే లేవనుకున్నాడు.

రెండు ప్రతిధ్వనులు

ఇబ్నె తుఫైల్ ముగింపుతో ఏకీభవించని ముస్లిం విద్వాంసుడు ఒకరు మరుసటి శతాబ్దంలోనే కథతోనే సమాధానం చెప్పారు. ఆయన ఊపిరితిత్తుల రక్తప్రసరణను వివరించిన సుప్రసిద్ధ వైద్యుడు ఇబ్నె నఫీస్ (మరణం క్రీ.శ. 1288). ‘అర్రిసాలతుల్ కామిలియ్యా’ అనే ఆయన రచనలోనూ కామిల్ అనే వ్యక్తి ద్వీపంలో ఒంటరిగా పెరిగి సృష్టికర్తను తెలుసుకుంటాడు. గాలివాటుకు ఓడలో వచ్చినవారు అతనికి రొట్టె, వండిన ఆహారం, బట్టలు ఇస్తారు. వాటి రుచి, సుఖం ఎరిగిన కామిల్, మనిషి ఒంటరిగా బాగా బ్రతకలేడని అనుకుంటాడు. బాగా బ్రతకాలంటే సమాజం కావాలి, సమాజానికి ధర్మశాసనం కావాలి, ధర్మశాసనం తెచ్చే ప్రవక్త కావాలి అని మెట్టు మెట్టుగా తెలుసుకుంటాడు. హయ్‌ను సమాజం నుండి దూరం చేసిన ఆలోచనే కామిల్‌ను సమాజం మీదుగా ప్రవక్త వద్దకు చేర్చింది. కథగా ఇది హయ్ కథంత అందమైనది కాదు. వాదంగా మాత్రం ఖుర్ఆన్‌కు దగ్గరగా ఉంది.

రెండవ ప్రతిధ్వని ఐరోపా నుండి వచ్చింది. 1671లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ పొకాక్ ఈ గ్రంథాన్ని అరబీ మూలంతో సహా లాటిన్‌లో ప్రచురించాడు. 1708లో సైమన్ ఆక్లే అరబీ నుండి నేరుగా ఆంగ్లంలోకి అనువదించాడు. లాటిన్ అనువాదానికి పెట్టిన పేరుకు ‘తనకు తానే నేర్చుకున్న తత్వవేత్త’ అని అర్థం. ఆ పేరు గ్రంథంలో సగాన్ని మాత్రమే చెబుతుంది. హయ్‌కు ఆహారం పెట్టి, అక్షరం నేర్పి, ప్రవక్త పేరు వినిపించిన అబ్సాల్ ఆ పేరులో లేడు. తరువాతి పాఠకులు అనేకులు, ముస్లిములతో సహా, ఈ గ్రంథాన్ని ఆ పేరు వెంటనే చదువుతూ వచ్చారు.

ప్రబోధకునికి మిగిలే పాఠం

‘హయ్ బిన్ యఖ్జాన్’ గొప్ప గ్రంథం. దాని గొప్పతనం రచయిత నిర్ణయంలో కంటే ఆయన నిజాయితీలో ఉంది. ఒక బోధ ఎందుకు ఫలించిందో, మరొకటి ఎందుకు ఫలించలేదో తెలిపే వివరాలన్నిటినీ ఆయన దాచకుండా ముందుంచారు. వాటి నుండి వేరే తీర్పుకు రావటానికి పాఠకునికి స్వేచ్ఛ మిగిల్చారు.

ఆ వివరాలు చెప్పే పాఠం ప్రవక్త (స) అనుచరుల చరిత్రలో ఆచరణగా కనిపిస్తుంది. మదీనాలో ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) బోధిస్తూండగా ఉసైద్ బిన్ హుజైర్ ఈటె పట్టుకుని, వెళ్ళిపొమ్మని గద్దిస్తూ వచ్చాడు. కూర్చుని వినండి, నచ్చితే స్వీకరించండి, నచ్చకపోతే ఆపివేస్తామని ముస్అబ్ (రజి) నెమ్మదిగా చెప్పారు. మాట న్యాయంగా ఉందని ఉసైద్ ఈటె నేలలో గుచ్చి కూర్చున్నాడు. ఆ కూర్చున్న చోటనే విశ్వసించాడు. ముస్అబ్ (రజి) అతని స్వభావం మీద తీర్పు చెప్పలేదు. వినటానికి చోటు ఇచ్చారు, నిరాకరించటానికి స్వేచ్ఛ ఇచ్చారు.

పొరుగున ఉన్న ముస్లిమేతర సోదరుడు, తన బుద్ధితో ఎంతో దూరం నడచి వచ్చిన హయ్ కావచ్చు. అతని ప్రశ్నలు వినకముందే జవాబులు అప్పగించేవాడు హయ్ చేసిన పొరపాటే చేస్తాడు. నాలుగు మాటలు చెప్పి, వారు వినరని తేల్చుకుని తన సమాజంలోకి మరలిపోయేవాడు హయ్ ఎక్కిన ఓడనే ఎక్కుతాడు. సన్మార్గం చూపటం అల్లాహ్ చేతిలో ఉంది. అందజేయటం వరకే దాసుని బాధ్యత. ఎవరి హృదయం తెరుచుకోదో ముందుగా నిర్ణయించే అధికారం ఆ బాధ్యతలో భాగం కాదు.